వారంటీ స్టిక్కరు

లీమాలో ఆకాశం కురవదు, చెమట పడుతుంది.
జూన్ మొదలు సెప్టెంబరు దాకా
విల్సన్ వీధి గ్యాలరీల రేకు తలుపుల మీద అదే తడి.
చిప్పులకి ఆ తడి పడదని
ఫెర్మీనా వాటిని బియ్యం డబ్బాలో దాచేది.

రెండో అంతస్తు, నూట పద్నాలుగు.
కొట్టు అనడానికి నోరు రాదు:
ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగపట్టాలి.
ఎదురుగా నూట పదిహేను, అబెలార్దో.
మధ్యలో నాలుగడుగుల నడవా,
పదకొండేళ్ల పగా.

నేను మెట్ల కింద గొంతు చించుకునేవాణ్ణి.
"కంప్యూటరా, ప్రింటరా, సిరానా, రండమ్మా!"
పైకి తెచ్చిన మనిషికి రెండు సోళ్లు.
చెప్పకేం, ఇద్దరి దగ్గరా తీసుకునేవాణ్ణి.

ఆమె పద్దెనిమిది వందల యాభై అంటుంది.
ఆయన దగ్గుతాడు.
పద్దెనిమిది నలభై అని గాలికి చెప్తాడు.
ఆమె మౌసు కింద గుడ్డ కలుపుతుంది,
ఆయన స్పీకర్లు కలుపుతాడు,
ఆమె తెరకి ముసుగు, తనే కుట్టింది, అంచుకి లేసుతో.
బేరం ముగిసేసరికి లాభం
మెట్లు దిగి వెళ్లిపోయేది, కొన్నవాడి చంకలో.

రాత్రి మాత్రం,
మర్నాటి యంత్రానికి ఒక్క చిప్పు తక్కువైతే
ఆమె ఈల వేసేది.
నడవా మీదుగా ఎగిరొచ్చేది చిప్పు.
నోటుబుక్కులో ఒక గీత.
పగ పగే, అరువు అరువే.

అప్పుడొచ్చాడు కంపెనీ మనిషి, టై కట్టుకుని,
ఆ తడిలోనూ నలగని కాలరుతో.
నూట పదిహేనుకి నీలం తివాచీ, వెలిగే బోర్డు,
నెలకి నలభై పెట్టెల లెక్క.
పెట్టె వెనక వెండి స్టిక్కరు:
తెరిస్తే వారంటీ చెల్లదు.
పదకొండేళ్లు యంత్రాల పొట్టలు విప్పిన చెయ్యి
ఇప్పుడు స్క్రూడ్రైవరుతో వీపు గోక్కునేది.

ఫెర్మీనాకి మధ్యాహ్నమైనా బోణీ లేదు.
సిరంజితో సిరా నింపింది, సీసాకి మూడు సోళ్లు.
వేళ్లు నల్లబడ్డాయి. నన్ను పొమ్మనలేదు,
పైసలూ ఇవ్వలేదు.

డిసెంబరులో
సూపర్ మార్కెట్లో, పనెతోన్ రొట్టెల గుట్ట పక్కన,
అవే పెట్టెలు. అదే వెండి స్టిక్కరు.
పన్నెండు వాయిదాలు.
కంపెనీ అబెలార్దోకి వేసే ధర కన్నా
నూట ముప్పై తక్కువ.

ఆయన అరవలేదు. ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు.
సాయంత్రం నడవా దాటొచ్చాడు,
పదకొండేళ్లలో మొదటిసారి కాళ్లతో.
"మనిషికి రెండే ఇస్తున్నారు,
వరసలో నిలబడతావా?"

నిలబడ్డాం ముగ్గురం, రొట్టెల వాసనలో.
అమ్మేవాళ్లం కొనుక్కుని
ఆరు పెట్టెలు వెనక మెట్ల మీంచి మోసుకొచ్చాం,
దొంగల్లా, సొంత కొట్లకి.

ఆరోది వెలగలేదు.
అబెలార్దో స్టిక్కరు వైపు చూస్తూ కూర్చున్నాడు,
పరాయి ఇంటి గడప ముందు కూర్చున్నట్టు.
ఫెర్మీనా జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చింది.
వెచ్చగా ఊది, గోరుతో, అంచు నుంచి
పాల మీద మీగడలా తీసింది.

లోపల ఫ్యాను.
తను డజన్ల లెక్కన కొనే ఫ్యానే,
రొద పెడుతుందని తిట్టుకునే ఫ్యానే,
మూలలో అదే ఎర్ర చుక్క.
ఆమె ఎంత నవ్విందంటే
కింది అంతస్తు కాపలాదారు లైటు వేసుకుని పైకొచ్చాడు.

తీగ ఒకటి వదులైంది, అంతే.
అబెలార్దో స్టిక్కరు కోసం చెయ్యి చాచాడు.
అప్పటికే అది బియ్యం డబ్బా మూత మీద అంటుకుని ఉంది.

"ఇప్పుడిది మన యంత్రం," అందామె.
"ఎంతకి పెడదాం?"
"పదిహేడు వందలు," అన్నాన్నేను, అడక్కుండానే.

ఆయన దగ్గాడు.